జపాన్ రెసిడెంట్ టాక్స్: మనవాళ్ళు ఎంత కట్టాలి, న్యాయంగా ఎంత తగ్గించుకోవచ్చు?

నాగావళి_గట్టు (ఆమదాలవలస) – 2 జూలై 2025, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. మా ఆయన నిరుడు ఏప్రిల్‌లో స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద జపాన్ వెళ్ళారు. సైతామాలో ఒక ఫ్యాక్టరీలో వెల్డర్. జీతం 2,30,000 యెన్‌లు. హెల్త్ ఇన్సూరెన్సు, పెన్షను, ఇన్‌కమ్ టాక్సు అన్నీ పోగా మిగిలినదాంట్లో లక్ష యెన్‌ల దాకా నా అకౌంట్‌కి పంపిస్తారు. ఇల్లు, మామగారి మందులు, బాబు స్కూలు ఫీజు, ఊళ్ళో తీసుకున్న అప్పు అన్నీ నేనే చూసుకుంటాను.

మొన్న జూన్ జీతంలో కొత్తగా 6,000 యెన్‌లు కోశారు. కంపెనీ వాళ్ళు సన్నటి పొడుగాటి కాగితం ఒకటి చేతిలో పెట్టారట. దాని ఫోటో పంపారు. అంతా జపనీస్. కింద 12 గడులు, మొదటి గడిలో 6,000, మిగతా పదకొండిట్లో 5,400 చొప్పున ఉంది. మొత్తం 65,400. నిరుడంతా లేని టాక్స్ ఇప్పుడెందుకు వచ్చిందో ఆయనకీ తెలియదు, అడిగితే సూపర్‌వైజర్ "జూమిన్‌జే" అని ఒక్క మాట అన్నాడట.

ఇక్కడ మా ఊళ్ళో ఒకాయన, పది పేర్లు ఇస్తే టాక్స్ సున్నా చేయిస్తాను, మిగిలినదాంట్లో తనకి వాటా ఇవ్వాలి అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇంట్లో ఉన్నది మామగారు, అత్తగారు, నేను, రెండో తరగతి చదివే బాబు. పది పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కోట_జంక్షన్ (విజయనగరం) – 2 జూలై, మధ్యాహ్నం 1:15

అమ్మా, ముందు ఆ పది పేర్ల మనిషిని పక్కన పెట్టండి. మీకున్న నలుగురు నిజమైన మనుషులు చాలు.

నేను టోక్యోలో ఎదొగావా వార్డు నిషికసాయిలో చాలా ఏళ్ళు ఉండి వచ్చాను. మన ఇండియన్లు ఎక్కువగా ఉండే చోటు. అక్కడ జూన్ వచ్చిందంటే కొత్తగా వచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఇదే.

జపాన్‌లో ఇన్‌కమ్ టాక్స్ కేంద్రానిది, జీతంలో ఎప్పటికప్పుడు కోస్తారు. రెసిడెంట్ టాక్స్, అదే ఆ సూపర్‌వైజర్ అన్న జూమిన్‌జే, మీరుండే ఊరిదీ ప్రిఫెక్చర్‌దీ (ప్రిఫెక్చర్ అంటే అక్కడి రాష్ట్రం లాంటిది). ఆదాయం మీద మొత్తం 10 శాతం: మామూలు ఊళ్ళలో 6 శాతం మునిసిపాలిటీకి, 4 శాతం ప్రిఫెక్చర్‌కి. పెద్ద నగరాల్లో అది 8, 2గా ఉంటుంది. దాని మీద తలకి ఏడాదికి 5,000 యెన్‌లు. అందులో 1,000 యెన్‌లు 2024 నుంచి వచ్చిన అడవుల పన్ను. కొన్ని ప్రిఫెక్చర్లు ఇంకొన్ని వందలు కలుపుతాయి.

ఈ టాక్స్ ఒక ఏడాది వెనకాలే నడుస్తుంది. జనవరి 1న మీ అడ్రసు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరు, అంతకుముందు ఏడాది ఆదాయం మీద లెక్క కట్టి, జూన్ నుంచి మరుసటి మే దాకా 12 నెలలు కోయిస్తుంది. మీ ఆయన 2024 జనవరి 1న అక్కడ లేరు కనక నిరుడు లేదు. ఇప్పుడు కోస్తున్నది 2024 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా సంపాదించిన దానికి.

లెక్క సరిగ్గానే ఉంది. తొమ్మిది నెలల జీతం 20,70,000. అందులో ఉద్యోగస్తులకిచ్చే మినహాయింపు 7,01,000 పోతే 13,69,000. ఇన్సూరెన్సు, పెన్షను కలిపి సుమారు 3,10,000, అందరికీ ఇచ్చే బేసిక్ మినహాయింపు 4,30,000 తీసేస్తే 6,29,000 దగ్గర మిగులుతుంది. దాని మీద 10 శాతం, అందులో చిన్న సర్దుబాటు 2,500 తీసేసి తల పన్ను కలిపితే 65,400. నూరేసి యెన్‌ల లెక్కలోనే గడులు నింపుతారు కాబట్టి మిగిలిన చిల్లర మొదటి నెలలో పడుతుంది, అందుకే జూన్‌లో 6,000.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నాను. వచ్చే జూన్‌లో పూర్తి ఏడాది ఆదాయం లెక్కలోకి వస్తుంది. ఏమీ చేయకపోతే 1,03,000 దాటుతుంది, నెలకి 8,600 దాకా. తగ్గించుకోవాలంటే ఈ డిసెంబరు లోపే చేయాలి. ఆ పని కూడా జపాన్‌లో కన్నా మీ ఇంట్లోనే ఎక్కువుంది.



---

ఉద్దానం_కుర్రోడు (సోంపేట / ప్రస్తుతం హిరోషిమా) – 2 జూలై, రాత్రి 8:05

అక్కా, మాస్టారు చెప్పింది కరెక్ట్. నేను షిప్‌యార్డ్‌లో వెల్డింగ్. మా డార్మిటరీలో అందరికీ ఈ కాగితం వచ్చినప్పుడు ఇదే గొడవ.

మీ ఆయన మిమ్మల్ని భార్యగా చూపించారా? కంపెనీ నవంబరు, డిసెంబరుల్లో ఒక ఫారం ఇస్తుంది, నెన్‌మత్సు చోసే అంటారు, ఇయర్ ఎండ్ అడ్జస్ట్‌మెంట్. మనవాళ్ళు చాలామంది పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టి ఇచ్చేస్తారు. భార్య గడి ఖాళీ. తల్లిదండ్రుల గడి ఖాళీ. అక్కడే డబ్బు పోతుంది.

---

నాగావళి_గట్టు – 2 జూలై, రాత్రి 9:30

ఫోన్ చేసి అడిగాను తమ్ముడూ. ఫారం ఇచ్చారట, అందరూ ఏం రాస్తే అదే రాశారట. నా పేరు రాయలేదు. కుటుంబం ఇండియాలో ఉంటే చూపించకూడదు అనుకున్నారట.

---

కోట_జంక్షన్ – 3 జూలై, ఉదయం 7:20

ఇండియాలో ఉన్నా చూపించవచ్చమ్మా, కాగితాలుంటే. కాగితాలు రెండు రకాలు.

మొదటిది బంధుత్వం. మీకైతే మ్యారేజ్ సర్టిఫికెట్. మామగారికీ అత్తగారికీ మీ ఆయన బర్త్ సర్టిఫికెట్, అందులో తల్లిదండ్రుల పేర్లుంటాయి. దానికి తోడు వాళ్ళ ఆధార్, ఎందుకంటే పుట్టిన తేదీ, అడ్రసు కూడా ప్రభుత్వం ఇచ్చిన కాగితంలో కనిపించాలి. ప్రతిదానికీ జపనీస్ అనువాదం జత చేయాలి. అనువాదం సొంతంగా చేసుకున్నా తీసుకుంటారు, వేలకి వేలు పోసి ఎవరి చేతా చేయించనక్కర్లేదు.

రెండోది డబ్బు పంపిన రుజువు. బ్యాంకు ద్వారా గానీ లైసెన్సున్న మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థ ద్వారా గానీ పంపిన రసీదు. ఊరికొచ్చే ఫ్రెండ్ చేతికిచ్చిన నగదు చెల్లదు.

ఇక్కడ మనవాళ్ళు చాలామంది దెబ్బతినే రూలు ఒకటుంది. రుజువు మనిషి మనిషికీ విడిగా ఉండాలి. మీ ఆయన మీ అకౌంట్‌కి లక్ష పంపి, అందులోంచి మీరు మామగారి మందులు కొన్నా సరే, కాగితం ప్రకారం ఆ లక్ష మీ ఒక్కరికే. మామగారి పేరు మీద పంపినది సున్నా. కాబట్టి 2024కి మీరు ఒక్కరే లెక్కలోకి వస్తారు. అయినా తక్కువేం కాదు. భార్యకి రెసిడెంట్ టాక్స్‌లో మినహాయింపు 3,30,000. మీ 65,400 కాస్తా 30,000 దగ్గరికి దిగుతుంది.

ఇది ఇప్పుడైనా దిద్దించుకోవచ్చు. ఇన్‌కమ్ టాక్స్ వెనక్కి రావాల్సి ఉంటే టాక్స్ ఆఫీసులో ఐదేళ్ళ లోపు రిటర్న్ వేయవచ్చు, దాన్ని చూసి ఊరి ఆఫీసు రెసిడెంట్ టాక్స్ కూడా తగ్గిస్తుంది. మీ ఆయన విషయంలో 2024లో ప్రభుత్వం మనిషికి 30,000 యెన్‌లు ఇన్‌కమ్ టాక్స్ తగ్గింపు ఇచ్చింది, ఆ ఏడాది ఆయన ఇన్‌కమ్ టాక్స్ దాదాపు అందులోనే మాఫీ అయిపోయి ఉంటుంది. కాబట్టి తిన్నగా వాళ్ళ సిటీ ఆఫీసుకి, షియాక్షో అంటారు, వెళ్ళి రెసిడెంట్ టాక్స్ డిక్లరేషన్ ఫారం అడగమనండి. రెసిడెన్స్ కార్డు, జీతం సర్టిఫికెట్ గెన్సెన్ చోషుహ్యో, మ్యారేజ్ సర్టిఫికెట్, డబ్బు పంపిన రసీదులు తీసుకెళ్ళాలి.

---

పలాస_జీడి (పలాస / ప్రస్తుతం చిబా) – 3 జూలై, సాయంత్రం 6:50

నేను ఇక్కడ వృద్ధాశ్రమంలో కేర్ వర్కర్‌ని. మా నాన్నగారికి కిడ్నీ జబ్బు, ఉద్దానం వాళ్ళందరికీ తెలిసిన కథే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక డయాలసిస్‌కి శ్రీకాకుళం, విశాఖ తిరిగే బాధ తప్పింది, కానీ మందులు, తిండి, మనిషి తోడు ఖర్చు ఉంటూనే ఉంది.

అక్కా, తల్లిదండ్రులని చూపించేటప్పుడు వయసు జాగ్రత్తగా చూసుకోండి. 2023 నుంచి రూలు మారింది. విదేశంలో ఉన్న బంధువు 30 నుంచి 69 ఏళ్ళ మధ్య ఉంటే ఊరికే చూపించడానికి లేదు. ఆ మనిషికి ఆ ఏడాదిలో 3,80,000 యెన్‌లు పంపి ఉండాలి, లేదా ఆ మనిషి దివ్యాంగులై ఉండాలి, లేదా చదువు కోసం జపాన్ వదిలి వెళ్ళినవాళ్ళై ఉండాలి. 70 దాటితే ఈ కనీస మొత్తం లెక్క లేదు, వాళ్ళకి నిజంగా పంపిన రుజువు చాలు. భార్యకి కూడా ఈ వయసు రూలు లేదు.

మా అమ్మకి 61. ఆవిడ పేరున అకౌంటే లేదు. అన్నీ నాన్న పాస్‌బుక్‌లోనే. ఇప్పుడు అమ్మ పేరున విడిగా తెరిపించాం. మొదటిసారి డబ్బు పడ్డ రోజు బ్యాంకులో వేలిముద్ర వేసి తనే తీసుకుని, పాస్‌బుక్‌లో ఆ గీత నాకు వీడియో కాల్‌లో చూపించింది. నెలకి 32,000 చొప్పున పంపితే ఏడాదికి 3,84,000, గీత దాటుతుంది. మధ్యలో ఒక్క నెల మానేసినా తగ్గిపోతుంది కాబట్టి డిసెంబరు మొదట్లోనే కూడిక వేసుకోవాలి.

---

నాగావళి_గట్టు – 3 జూలై, రాత్రి 10:10

చాలా థాంక్స్ చెల్లీ. మీ నాన్నగారు కులాసాగా ఉండాలి.

మా మామగారికి ఎన్నేళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆధార్‌లో 01-01-1956 అని ఉంది. అప్పట్లో ఊళ్ళో అందరికీ జనవరి 1 అనే వేశారు. అత్తగారికి ఆధార్ ప్రకారం 66. మామగారికి ఈ డిసెంబరుకి 69 అవుతాయి కదా? అంటే ఆయనకి కూడా 3,80,000 పంపాలా? ఇద్దరికీ అంత పంపే శక్తి మాకు లేదు.

---

కోట_జంక్షన్ – 4 జూలై, ఉదయం 6:45

అక్కడే మీకు మేలు జరిగిందమ్మా. జపాన్ చట్టంలో వయసు పుట్టినరోజుకి ముందు రోజుతో నిండినట్టు లెక్క. 2025 డిసెంబరు 31 నాటికి 70 నిండాలి అంటే 1956 జనవరి 1న గానీ అంతకు ముందు గానీ పుట్టి ఉండాలి. మీ మామగారు సరిగ్గా గీత మీద ఉన్నారు, లోపలి వైపు. జనవరి 2 అయ్యుంటే వచ్చే ఏడాది దాకా ఆగాల్సి వచ్చేది.

70 దాటినవాళ్ళకి మినహాయింపు కూడా ఎక్కువ. రెసిడెంట్ టాక్స్‌లో 3,80,000, ఇన్‌కమ్ టాక్స్‌లో 4,80,000. మామూలు వయసు వాళ్ళకి అవి 3,30,000, 3,80,000.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. జీతం ఇలాగే ఉంటే 2025కి మీరూ మామగారూ లెక్కలోకి వస్తే వచ్చే జూన్‌లో రావాల్సిన 1,03,000 సుమారు 25,000కి దిగుతుంది. మామగారి అకౌంట్‌కి ఈ నెల నుంచే విడిగా పంపడం మొదలుపెట్టండి, ఆయనకి నిజంగా అయ్యే ఖర్చుకి సరిపడా.

బాబు సంగతి వేరు. 16 ఏళ్ళ లోపు పిల్లలకి మినహాయింపు లేదు. కానీ ఫారంలో వాళ్ళకోసం కింద వేరే గడి ఉంటుంది, అది తప్పకుండా నింపాలి. ఎందుకంటే ఇంటి మీద ఇంతమంది ఆధారపడితే, ఆదాయం ఇంతకన్నా తక్కువైతే రెసిడెంట్ టాక్సే లేదు అని ఒక గీత ఉంది. ఆ తలల లెక్కలో పిల్లలు కూడా వస్తారు. ఆదాయం మీద పడే పన్నుకి ఆ గీత దేశమంతా ఒకటే: తనతో కలిపి తలకి 3,50,000 చొప్పున, దాని మీద 4,20,000. ఇక్కడ ఆదాయమంటే మొత్తం జీతం కాదు, ఉద్యోగస్తుల మినహాయింపు పోగా మిగిలింది. మీ ఆయనకి పూర్తి ఏడాదికి అది 18,52,000 వస్తుంది. ఆయన, మీరు, బాబు, మామగారు కలిపి నాలుగు తలలకి గీత 18,20,000. కొద్దిలో పోయింది. వచ్చే ఏడాది నుంచి అత్తగారికి నెలకి 32,000 పంపగలిగితే ఐదు తలలు, గీత 21,70,000. అప్పుడు ఆదాయం మీద పన్ను న్యాయంగానే సున్నా. తల పన్నుకి గీత ఊరిని బట్టి కాస్త కిందుగా ఉంటుంది, అది మీ సిటీ ఆఫీసులో అడగాలి.

బాబుని లెక్కలో చూపాలన్నా వాడి పేరున పంపిన రుజువు కావాలి. మైనర్ అకౌంట్ తెరవండి, గార్డియన్‌గా మీరుంటారు. స్కూలు ఫీజు అందులోకి రానివ్వండి.

ఎలాగూ పంపుతున్న లక్షే. నాలుగు అకౌంట్లకి పంచుకుంటున్నారు, అంతే.

---

రాజాం_రోడ్ (రాజాం) – 4 జూలై, ఉదయం 11:30

ఇంత రామాయణం ఎందుకండీ? మా వీధిలో ఒక కుర్రాడు ఫిబ్రవరిలో జపాన్ నుంచి వచ్చేశాడు. జూన్‌లో ఏదో కట్టాలన్నారట, కట్టలేదు. ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. పరాయి దేశం వాళ్ళ మునిసిపాలిటీకి మనమెందుకు కట్టాలి?

---

ఉద్దానం_కుర్రోడు – 4 జూలై, రాత్రి 7:40

అన్నయ్యా, ఆ కుర్రాడు మళ్ళీ జపాన్ రాకపోతే సరే. వస్తే? మాకు వీసా రెన్యువల్‌కి, కంపెనీ మారడానికి రెసిడెంట్ టాక్స్ కాగితాలు రెండు అడుగుతారు: ఎంత పడిందో ఒకటి, కట్టినట్టు ఒకటి. మా దగ్గర ఒకతను మధ్యలో కంపెనీ మారాడు. కొత్త కంపెనీ కోత మొదలుపెట్టేలోపు స్లిప్పులు ఇంటికొచ్చాయి. అవి జూన్, ఆగస్టు, అక్టోబరు, జనవరి అని నాలుగు వాయిదాల్లో వస్తాయి, కన్వీనియన్స్ స్టోర్‌లో కట్టేయవచ్చు. అతను జపనీస్ ప్రకటన కాగితాలనుకుని డ్రాయరులో పడేశాడు. వీసా టైమ్‌కి అపరాధ వడ్డీతో కలిపి ఒక్కసారే కట్టాల్సి వచ్చింది. కట్టకపోతే బ్యాంకు అకౌంట్ జప్తు చేసే అధికారం కూడా వాళ్ళకుంది.

కష్టంగా ఉంటే ఆఫీసుకెళ్ళి చెప్తే చిన్న వాయిదాలుగా విడగొట్టి ఇస్తారు. మొహం చాటేయడమే ప్రమాదం.

---

పలాస_జీడి – 4 జూలై, రాత్రి 9:15

పరాయి మునిసిపాలిటీ అన్నారు కదా అన్నయ్యా. నేను డ్యూటీలో పడిపోతే 119కి ఫోన్ చేశారు, అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళింది, దానికి ఒక్క యెన్ తీసుకోలేదు. వారంలో ఇన్నిసార్లు చెత్త తీస్తారు, వానాకాలం కాలువ పొంగకుండా చూస్తారు. నేనుండే ఊరు నా డబ్బుతో కూడా నడుస్తోంది. నేను కట్టాల్సింది కడతాను, చట్టం ఇచ్చింది అడిగి తీసుకుంటాను. రెండూ నా హక్కే అనుకుంటాను.

శాశ్వత నివాసం కావాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. మామూలుగా ఐదేళ్ళ రెసిడెంట్ టాక్స్ రికార్డు చూస్తారు, కట్టారా అని మాత్రమే కాదు, గడువులోపల కట్టారా అని. 2024 జూన్‌లో చట్టం కూడా మార్చారు, అది అమల్లోకి వచ్చాక కావాలని టాక్స్ ఎగ్గొడితే ఇచ్చిన శాశ్వత నివాసం కూడా తీసేయవచ్చు.

---

ఏడురోడ్ల_ఆడిటర్ (శ్రీకాకుళం) – 5 జూలై, ఉదయం 9:00

ఇక్కడ ఏడు రోడ్ల కూడలి దగ్గర నా ఆఫీసు. జపాన్ చట్టం గురించి కోట జంక్షన్ గారు చెప్పింది బాగుంది. నేను మన వైపు సంగతి చెప్తాను.

కొడుకు తల్లిదండ్రులకి, భర్త భార్యకి పంపే డబ్బు మీద పుచ్చుకున్నవాళ్ళకి ఇన్‌కమ్ టాక్స్ లేదు, ఎంతైనా సరే. కాబట్టి నాలుగు అకౌంట్లకి పంచినా ఇండియాలో కొత్త పన్నేమీ పడదు. ఆ డబ్బుని ఎఫ్‌డీ చేస్తే వచ్చే వడ్డీకి మాత్రం పన్ను నియమాలు మామూలే.

నా దగ్గరికొచ్చే వాళ్ళలో తొంభై పాళ్ళు చిక్కు పేర్లతోనే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర. తల్లి పేరు బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌బుక్‌లో అత్తింటి ఇంటిపేరుతో. మనకి చూడగానే ఒకే మనిషని తెలుస్తుంది. సైతామాలో కౌంటర్ దగ్గర కూర్చున్నాయనకి ఎలా తెలుస్తుంది? ఆధార్, పాస్‌బుక్, బంధుత్వం చూపే కాగితం మూడింట్లో పేరు ఒకేలా ఉండేట్టు ముందే దిద్దించుకోండి. ఆధార్‌లో పేరు దిద్దాలంటే సెంటర్‌కి మనిషి వెళ్ళాల్సిందే, పెద్దవాళ్ళకి శ్రమ. పెళ్ళి రిజిస్టర్ చేయించుకోని వాళ్ళు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి. డిసెంబరు మూడో వారంలో పరిగెత్తుకొస్తే నా చేతిలో ఏమీ ఉండదు.

ఇంకొకటి. జపాన్‌లో ఉన్నవారికి గత పదేళ్ళలో అక్కడున్న కాలం మొత్తం ఐదేళ్ళు దాటనంతవరకూ, ఇక్కడి అద్దెలు, వడ్డీలు జపాన్‌కి తెప్పించుకోకపోతే అక్కడ వాటి మీద పన్ను పడదు. ఐదేళ్ళు దాటాక ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడ చూపాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ (విదేశాల్లో ఉన్న మనవాళ్ళు అక్కడి సంపాదన ఇండియా బ్యాంకులో దాచుకునేది) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కదా అని ఊరుకుంటారు. జపాన్‌లో అది ఆదాయమే, దాని మీద రెసిడెంట్ టాక్స్ కూడా పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

---

వీటీ_ఆగ్రహారం (విజయనగరం / ప్రస్తుతం టోక్యో) – 5 జూలై, రాత్రి 8:20

నేను ఐటీలో ఉన్నాను, పెళ్ళి కాలేదు. అమ్మా నాన్నలకి 50ల్లో వయసు, ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు, నేను డబ్బు పంపను. తమ్ముడు టెక్కలిలో ఇంజనీరింగ్, 20 ఏళ్ళు, వాడి ఫీజు నేనే కడతాను. జీతం ఏడాదికి 50 లక్షల యెన్‌లు. ఆఫీసులో అందరూ ఫురుసాతో నోజే చేయమంటున్నారు. చేయవచ్చా?

---

కోట_జంక్షన్ – 6 జూలై, ఉదయం 8:10

బాబూ, ముందు తమ్ముడు. 30 లోపు వాడు కాబట్టి 3,80,000 గీత లేదు. 19 నుంచి 22 మధ్య వయసుకి మినహాయింపు ఇంకా ఎక్కువ, రెసిడెంట్ టాక్స్‌లో 4,50,000, ఇన్‌కమ్ టాక్స్‌లో 6,30,000. వాడి బతుకుతెరువు నీ మీద ఉన్నట్టు నిజంగా ఉండాలి, ఫీజు డబ్బు వాడి అకౌంట్‌కే పంపాలి. మీ నాన్నగారే పోషిస్తుంటే, నువ్వు ఒక సెమిస్టర్ ఫీజు సాయం చేసినంత మాత్రాన వాడిని చూపించకు. అడిగితే సమాధానం చెప్పగలగాలి.

ఫురుసాతో నోజే 2008లో మొదలైంది. నచ్చిన ఊరికి విరాళం ఇస్తావు, అందులో 2,000 పోగా మిగిలినంతా నీ టాక్స్‌లోంచి తగ్గుతుంది. ఆ ఊరు విరాళంలో 30 శాతం విలువ మించని కానుక పంపుతుంది: బియ్యం, రొయ్యలు, పళ్ళు, టాయిలెట్ పేపర్ దాకా. నువ్వుండే ఊరికే ఇస్తే కానుక రాదు. నీ జీతానికి, ఒంటరి లెక్కన, హద్దు సుమారు 61,000. తమ్ముడిని చూపిస్తే హద్దు తగ్గుతుంది. దాటితే దాటినంత నీ జేబులోంచే.

దీన్ని టాక్స్ తగ్గడం అనుకోకు. ముందే వేరే ఊరికి కట్టేస్తున్నావు, 2,000కి కానుకలు వస్తున్నాయి. లాభమే, కానీ దాని పద్ధతి దానిది. ఐదు ఊళ్ళు మించకపోతే, రిటర్న్ వేసే పని లేకపోతే, వన్ స్టాప్ అనే ఫారం ప్రతి ఊరికీ మరుసటి జనవరి 10 లోపు చేరేలా పంపితే చాలు. తర్వాత ఏ కారణానికైనా మార్చిలో రిటర్న్ వేశావంటే ఆ వన్ స్టాప్ ఫారాలు చెల్లవు. విరాళాలన్నీ రిటర్న్‌లో మళ్ళీ రాయాలి. మెడికల్ బిల్లుల కోసం రిటర్న్ వేసి, విరాళాలు రాయడం మర్చిపోయి మొత్తం పోగొట్టుకున్న వాళ్ళని చూశాను. వెబ్‌సైట్లు ఇచ్చే పాయింట్లు 2025 అక్టోబరు నుంచి బంద్.

నాగావళి గట్టు గారూ, ఇది మీ ఇంటికి వద్దు. టాక్స్ సున్నా దగ్గరికి వచ్చినవాళ్ళకి తగ్గడానికి ఏమీ ఉండదు, ఇచ్చినదంతా ఉట్టి విరాళమే అవుతుంది.

---

ఉద్దానం_కుర్రోడు – 6 జూలై, రాత్రి 9:00

ఫురుసాతో మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2024 జనవరి 1న నోటోలో భూకంపం వచ్చింది. అప్పుడు అదే వెబ్‌సైట్లలో కానుక లేకుండా ఆ ఊళ్ళకి పంపే వీలు పెట్టారు. నేను వాజిమాకి పంపాను. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రాత్రి తర్వాత మా తోటలో ఒక్క కొబ్బరిచెట్టు నిలబడలేదు, జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఎవరెవరో తెలియని ఊళ్ళ నుంచి మాకు బియ్యం, టార్పాలిన్లు వచ్చాయి. టాక్స్ లెక్కలో అదీ తగ్గింది, కానీ నేను పంపింది అందుకు కాదు.

---

చీపురుపల్లి_బండి (చీపురుపల్లి / ప్రస్తుతం ఒసాకా) – 8 జూలై, సాయంత్రం 5:30

అందరికీ నమస్తే. నాకు ఐదేళ్ళు పూర్తవుతున్నాయి, ఇంటికి వచ్చేస్తున్నాను. డిసెంబరులో రావాలా, జనవరిలో సంక్రాంతికి రావాలా అని చూస్తున్నాను. టాక్స్‌లో తేడా ఉంటుందా?

---

కోట_జంక్షన్ – 8 జూలై, రాత్రి 9:45

చాలా ఉంటుంది తమ్ముడూ. సిటీ ఆఫీసులో వెళ్ళిపోతున్నట్టు నోటీసు ఇచ్చి డిసెంబరు 31 లోపు నిజంగా దేశం వదిలి వచ్చేస్తే, 2025 ఆదాయం మీద రెసిడెంట్ టాక్స్ ఉండదు. జనవరి 1న అక్కడ ఉన్నావంటే, రెండో తారీఖున విమానం ఎక్కినా ఆ పన్ను మొత్తం నీదే. ఉత్తుత్తిగా నోటీసు ఇచ్చి ఫిబ్రవరిలో అదే కంపెనీకి తిరిగి వెళ్తే మాత్రం, నివాసం అక్కడే ఉందని పన్ను వేస్తారు.

2024 ఆదాయం మీద ఇప్పుడు నడుస్తున్న కోత ఎలాగూ కట్టాలి. డిసెంబరులో మానేస్తే మే దాకా మిగిలినది చివరి జీతంలో ఒకేసారి కోయమని అడుగు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య మానేస్తే అడగకుండానే ఒకేసారి కోస్తారు, ఆ నెల జీతం చేతికి బాగా తక్కువ వస్తుంది, ముందే తెలిసుండాలి. ఏదైనా బాకీ ఉండిపోయేలా ఉంటే, వచ్చే ముందు నోజే కన్రినిన్ అని ఒక టాక్స్ ప్రతినిధిని పెట్టి రావాలి. అక్కడే ఉండే నమ్మకమైన స్నేహితుడైనా చాలు, కాగితాలు అతని అడ్రసుకి వెళ్తాయి. పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు 20.42 శాతం కోస్తారు, ఆ కోత తిరిగి తెప్పించుకోవడానికి కూడా ప్రతినిధే కావాలి. పెన్షన్ డబ్బు కోసం దరఖాస్తు మాత్రం వచ్చేసిన రెండేళ్ళ లోపు పెట్టు.

---

నాగావళి_గట్టు – 19 జూలై, మధ్యాహ్నం 3:20

మా ఆయన మొన్న సెలవు పెట్టి షియాక్షోకి వెళ్ళారు. నా మ్యారేజ్ సర్టిఫికెట్, అనువాదం, నిరుడు పంపిన రసీదులు చూసి ఫారం తీసుకున్నారు. ఆగస్టు తర్వాత కోత తగ్గించిన కొత్త కాగితం కంపెనీకి పంపుతామన్నారట. ఎక్కువ కోసింది ఉంటే అందులోనే సర్దుతారట.

మామగారికి అకౌంట్ ఎలాగూ ఉంది, బాబుకీ అత్తగారికీ కొత్తవి తెరిచాం. అత్తగారి ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిది ఉంది ఆడిటర్ గారూ. దిద్దించడానికి సోమవారం సెంటర్‌కి తీసుకెళ్తున్నాను, ఏమేం పట్టుకెళ్ళాలో చెప్తారా?

---

ఏడురోడ్ల_ఆడిటర్ – 19 జూలై, సాయంత్రం 6:00

కొత్త ఇంటిపేరు, ఫోటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కాగితం ఏదైనా ఒరిజినల్ ఉండాలమ్మా, ఓటరు కార్డు ఉంటే అది పట్టుకెళ్ళండి. ఆవిడని తప్పకుండా వెంట తీసుకెళ్ళాలి. ఇచ్చే రసీదు పారేయకండి, కొత్త ఆధార్ వచ్చాక బ్యాంకులో కూడా అదే పేరు చేయించండి. డబ్బు పంపడం ఆ తర్వాత మొదలుపెట్టమనండి మీ ఆయన్ని.